మేం ప్రార్థన చేసిన స్కాట్లాండు పిల్ల

సౌదీలో, ఖోబర్ అజీజియాలో మా ఇల్లు. మా అమ్మాయి సుధ డ్యూటీ నుంచి వచ్చి, బూట్లయినా విప్పకుండా సోఫాలో వాలిపోయి, ఫోనులో ఏదో చదువుకుంటూ తనలో తనే నవ్వుకుంటోంది. ఏంటే అంత నవ్వు అని తొంగిచూశాను. తెర మీద మంచు కొండలు, రాతి కోట, దాని ముందు మోకాళ్ళ దాకా గళ్ళ గుడ్డ చుట్టుకుని కత్తి పట్టుకున్న ఎర్రజుట్టు మనిషి. "పాతకాలం స్కాట్లాండు తెగల ప్రేమకథమ్మా. దేవుడూ, భక్తీ కూడా ఉంటాయి. నీకు తెలీదులే," అంది. నాకు తెలీదట! ఈ పిల్ల కడుపున పడకముందే ఆ గళ్ళ గుడ్డవాళ్ళతో నేను చలికాలాలు గడిపాను. అదే చెప్పబోతున్నాను, ఇంతలో నా ఫోను మోగింది. నరసాపురం నుంచి, ఒకప్పుడు నాతో కలిసి నర్సుగా చేసిన మెర్సీ మేనకోడలు. "అత్త పోయిందండీ, పొద్దున్న," అంది. సుధ చేతిలో ఆ ఎర్రజుట్టు మనిషి ఇంకా కత్తి పట్టుకుని నిలబడే ఉన్నాడు. తీసెయ్యవే అది, అని కసిరాను. పిల్ల బిత్తరపోయింది. ఆ సాయంత్రమంతా దానికి చెబుతూనే ఉన్నాను. చెప్పిందే ఇప్పుడు రాస్తున్నాను.

సౌదీలోనే ఇక్కడికి దూరంగా ఉన్న హాయిల్ అప్పట్లో మాకు ఊరు కాదు, ఒక గేటు. గేటు లోపల నర్సుల హాస్టలు, గేటు బయట ఆస్పత్రి బస్సు. ఎక్కితే వార్డు, దిగితే గది. వారానికోసారి అదే బస్సులో బజారుకి తీసుకెళ్ళి, కూరగాయలు ఏరుకోవడం పూర్తయ్యేలోపే వెనక్కి తెచ్చేవారు. కిటికీలోంచి చూస్తే ఎర్రటి రాతి కొండలూ, వాటి దిగువన ఎడారి మధ్య పచ్చగా గుండ్రంగా గోధుమ చేలూ కనిపించేవి. చలికాలం వచ్చిందంటే పొద్దున్నే నీళ్ళు ముట్టుకుంటే వేళ్ళు కొంకర్లు పోయేవి. గోదావరి జిల్లాల్లో పుట్టి పెరిగిన వాళ్ళం, సౌదీ అంటే ఎండ తప్ప ఇంకేం ఉంటుందిలే అని పల్చటి చీరలు తెచ్చుకున్న తెలివైన వాళ్ళం. ఫ్లాటులో ముగ్గురం ఉండేవాళ్ళం. మాకు పెద్దదిక్కు రత్నమ్మక్క, ఆపరేషన్ థియేటర్ నర్సు, భీమవరం మనిషి. నేను, మెర్సీ ఆమె చేతికింద పిల్లలం.

రత్నమ్మక్క ఇంటి పద్ధతులు ఆమెవే. తెల్లారేసరికి తలకి కొబ్బరినూనె పట్టించి ముడి వెయ్యకపోతే ఆమెకి రోజు మొదలైనట్టు కాదు. ఊరి నుంచి తెచ్చుకున్న చింతపండుని బంగారంలా దాచి, చిటికెడు చొప్పున తీసేది. ఎండుచేపల్ని బాల్కనీలో ఏసీ డబ్బా మీద పరిచేది, వేడిగాలికి మెత్తదనం పోతుందని. కింద అంతస్తు వాళ్ళు సాంబ్రాణిలా ఏదో వేసి ఇల్లంతా పొగ పట్టించుకునేవాళ్ళు. వాళ్ళ పొగా, మా చేపలూ, మా బట్టల్లోంచి పోని ఆస్పత్రి ఫినాయిల్ వాసనా కలిసి మెట్ల మీద ఒకటే యుద్ధం. అప్పట్లో ఇక్కడ మా ప్రార్థనలు బయటికి తెలియకూడదు గనక బైబిలు బియ్యం డబ్బా అడుగున ఉండేది, ప్లాస్టిక్ కవర్లో చుట్టి. శుక్రవారం పొద్దున్న కిటికీలు మూసి, తలుపు కింద తువ్వాలు పెట్టి ప్రార్థన చేసుకునేవాళ్ళం. పాటలు పెదాలతోనే పాడేవాళ్ళం. నాకు గొంతు బాగుండదు కాబట్టి ఆ పద్ధతి వల్ల పెద్దగా నష్టపోయిందేమీ లేదు.

ఆ రోజుల్లో ఒక ఫిలిప్పీన్సు నర్సు ఎగ్జిట్ వీసా మీద శాశ్వతంగా వెళ్ళిపోతూ మాకో అట్టపెట్టె వదిలేసింది. గిన్నెలో, కుక్కరో ఉంటుందని ఆశగా విప్పితే అన్నీ ఇంగ్లీషు పుస్తకాలే. అట్టల మీద మోకాళ్ళు కనబడే మగాళ్ళు. రత్నమ్మక్క ఒకటి తీసి చూసి, "సిగ్గు లేకుండా లుంగీ ఎగ్గట్టుకుని ఎలా నిలబడ్డాడో సూడు. మన సేపల రేవులోవోళ్ళే నయం," అని అవతల పడేసింది. లోపల పేజీల్లో బైబిలు వాక్యాలు కనబడేసరికి మళ్ళీ తీసి కళ్ళకద్దుకుంది. పాత కేలండర్ కాగితంతో అట్ట వేసి, దాన్ని కూడా బియ్యం డబ్బాలోకి చేర్చింది. ఇంగ్లీషు నవల చదివే ఓపిక మా ముగ్గురిలో నాకే ఉంది. మధ్యాహ్నం డ్యూటీ దిగి, అన్నాలు తిన్నాక నేను చదివి తెలుగులో చెప్పాలి, చెప్పినందుకు నాకు అంట్లు మాఫీ. అంట్లు తప్పించుకోడానికి నేను ఆ కథని ఎంత సాగదీశానో చెప్పలేను. నేను రచయిత్రినవడం అక్కడే, అంత గొప్ప ఆశయంతోనే మొదలైంది.

కథ పెద్ద కష్టమైనదేమీ కాదు. కొండకి ఇటు ఒక తెగ, అటు ఒక తెగ. పశువుల దొంగతనం దగ్గర మొదలైన పగ తాతల కాలం నుంచీ నడుస్తోంది. మా ఊరి చర్చిలో గంట ఎవరు కొట్టాలన్న దాని మీద రెండు వర్గాలు తలలు పగలగొట్టుకున్నాయి గనక ఆ సంగతి మాకు విడమర్చి చెప్పక్కర్లేకపోయింది. పగ చల్లారాలని రెండు తెగల పెద్దలూ ఇస్లా అనే పిల్లనీ, రోరీ అనే కుర్రాణ్ణీ అందరి ముందూ నిలబెట్టి, ఒకరి చెయ్యి ఒకరి చేతిలో పెట్టి గుడ్డతో కడతారు. ఫాదరు రావాలంటే మంచు కరగాలి, కొండదారి తెరుచుకోవాలి. చర్చి పెళ్ళి అప్పుడు. కానీ చేతులు కట్టిన క్షణం నుంచే ఆమె అతని మనిషి, తెగంతా అలాగే చూస్తుంది. ఈ సంధి గిట్టని ఇస్లా బాబాయి ఆమెని కోట బురుజులో పెట్టి తాళం వేస్తాడు. రోరీ ఫాదరును తీసుకురావడానికి మంచులో బయల్దేరి, మరి కబురు ఉండదు.

బురుజు దాకా వచ్చిన వారం, శుక్రవారం ప్రార్థనలో రత్నమ్మక్క మామూలుగా అందరి పేర్లూ చెప్పుకుంటూ వచ్చింది. మా ఇళ్ళవాళ్ళు, వార్డులో రోగులు, సెలవు దొరకనివాళ్ళు. చివర్న, "కోటలో తాళమేసి పెట్టిన ఇస్లా అనే బిడ్డని జ్ఞాపకం చేసుకో తండ్రీ," అంది. నేను నవ్వాపుకోలేక పమిట నోట్లో కుక్కుకున్నాను. ఆమేన్ అయ్యాక, "అక్కా, అది కథ," అన్నాను.

"కతైతే? వాక్యాలున్న పుస్తకంలో అబద్దం రాత్తారా? ఎప్పుడో జరిగే ఉంటది."

"జరిగున్నా ఆ పిల్ల పోయి వందల ఏళ్ళయ్యుంటుంది కదక్కా!"

"మనకి గానీ, ఆయనకి నిన్నా రేపూ ఉంటాయటే విజయా?"

ఈమెతో ఎవరు వాదించగలరు! అప్పట్నుంచీ ప్రతి శుక్రవారం ఇస్లా పేరు మా ప్రార్థనలోకి వచ్చేసింది. మెర్సీ అయితే తన ఇంటి పేర్ల కంటే ముందే ఆ పేరు చెప్పేది. ఎందుకో రత్నమ్మక్కకీ తెలుసు, నాకూ తెలుసు.

మెర్సీ పిల్లల వార్డులో చేసేది. బక్కపల్చటి మనిషి, మాట మెల్లిగా ఉండేది. ఆమెకి యోహానుతో ప్రధానం అయ్యింది. యోహాను ఖోబర్‌లో ఏసీ మెకానిక్కు, ఉండేది ఇదే అజీజియాలో. ప్రధానం నాడు అతను మన దేశంలో లేడు. ముహూర్తం వాయిదా వెయ్యడం ఇష్టం లేక అతని తల్లే మెర్సీ వేలికి ఉంగరం తొడిగి, చీరా బైబిలూ చేతిలో పెట్టింది. పాస్టరుగారు ప్రార్థన చేశారు, రెండువైపుల పెద్దలూ కూర్చుని భోజనాలు చేశారు. ఆ తర్వాత మెర్సీ కూడా ఉద్యోగానికి వచ్చేసింది. ఇద్దరికీ ఒకేసారి సెలవు దొరికితే పెళ్ళి. ఈమెకి దొరికినప్పుడు అతని కఫీల్, అదే వీసా ఇచ్చిన యజమాని, పంపడు, అతన్ని పంపినప్పుడు మా ఆస్పత్రిలో మనుషులు ఉండరు. ఒకే దేశంలో ఉండి కూడా కలిసే దారి లేదు, పెళ్ళికాని ఆడామగా కలిసి కనబడే రోజులు కావవి. శుక్రవారం సాయంత్రం హాస్టలు కింద వసారాలో ఫోను మోగేది. వెనకాల పది మంది వరసలో నిలబడి వింటూండగా వాళ్ళిద్దరూ ఏం కూర తిన్నారో చెప్పుకునేవాళ్ళు. అంతకు మించి ఏముంటుంది, ఎలా ఉంటుంది?

చేతులు కట్టే ఘట్టం చెప్పినరోజు మెర్సీ బియ్యంలో రాళ్ళేరడం ఆపేసి అడిగింది. "అయితే సర్చిలో పెళ్ళి అవకపోయినా ఆవిడ ఆయన భార్యేనా అక్కా?"

"వాళ్ళ తెగలో అంతేనట."

"మరి మాదీ అంతే గదా."

"సాల్లే సంబడం," అంది రత్నమ్మక్క. "సర్చిలో పెమాణం సెయ్యకుండా భార్యేటే? సేట బుద్దిగా పట్టుకుని కూకో." మెర్సీ చేటలోకి తలవంచుకుంది. కానీ నవ్వుకుంటోందని నాకు కనబడింది.

తర్వాత కొన్నాళ్ళకి, శుక్రవారం కాని రోజున, వసారాలో ఫోను మోగింది. మెర్సీకే. నేను పక్కనే ఉన్నాను. అవతల యోహాను గదిలో ఉండే ఖాదర్ భాయ్, హైదరాబాద్ మనిషి. అతని గొంతు నాక్కూడా వినబడేంత గట్టిగా ఉంది.

"అమ్మా, యోహాన్ మీదికెల్లి కింద పడ్డడు. ఏసీ డబ్బ బిగిస్తుండె. దవాఖానల ఉన్నడు తల్లీ. పడ్డంక నీ పేరే తీసిండు, గంతే, మల్ల మాట లేదు. నువ్వు రాగలవా?"

"నోట్లో గొట్టం పెట్టారా అన్నా? మిషను మీద ఉన్నాడా?" అంది మెర్సీ.

"పెట్టిన్రమ్మా."

"కళ్ళు తెరుత్తున్నాడా? గిల్లితే సెయ్యి లాక్కుంటున్నాడా?"

"అల్లా ఉన్నడు తల్లీ, నువ్వు రా," అన్నాడు ఖాదర్ భాయ్. మెర్సీ ఫోను పెట్టేసింది. మామూలు మనిషయితే ఆశ మిగిలేది. నర్సుకి ఆ మాత్రం ఆశ కూడా మిగల్లేదు. గోడకి ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుని, "నేనెల్లాలక్కా, ఇప్పుడే ఎల్లాల," అని అదే మాట అంటూ ఉండిపోయింది.

వెళ్ళడమంటే మాటలా! హాయిల్ దాటాలంటే ఆస్పత్రి ముదీర్, అంటే మా డైరెక్టరు, కాగితం ఇవ్వాలి. ఆ కాగితం తండ్రి కోసమో, అన్నదమ్ముడి కోసమో, భర్త కోసమో అయితేనే ఇస్తారని వార్డు పెద్ద నర్సు ముందే చెప్పేసింది. రత్నమ్మక్క రెండో ఆలోచన లేకుండా, "మొగుడని సెప్పు. నేనూ సాక్ష్యం సెప్తాను. పాపముంటే నా మీదేసుకుంటాను," అంది. మా ముగ్గురిలో అబద్ధమంటే ఎక్కువ భయపడే మనిషి ఆమే. అలాంటిది ఆమే ఆ మాట అంది.

మెర్సీ తల అడ్డంగా ఊపింది. "అబద్దమాడి ఎల్లి, ఆయన్ని బతికించమని ఏ మొగం పెట్టుకుని అడగనక్కా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. అక్కడ మనిషి పోతుంటే ఇక్కడ సత్యసంధత ఏమిటి? చెడామడా తిట్టాను కూడా. ఆమె విన్లేదు. జరిగింది జరిగినట్టే చెబుతానని ముదీర్ గదికి బయల్దేరింది. అరబ్బీ మాట్లాడ్డానికి రత్నమ్మక్క, ధైర్యానికి నేను.

ముదీర్ పెద్దాయన, ఆ చుట్టుపక్కల పేరున్న తెగ మనిషి. పంచాయతీలు కూడా ఆయన దగ్గరికే వస్తాయని చెప్పుకునేవారు. ముందు చిన్న కప్పుల్లో కాఫీ పోయించాడు.  అతను నీకేమవుతాడు అని అడిగాడు. పెళ్ళి కాలేదని మెర్సీ చెప్పింది.  ఆ తర్వాత ఉంగరం సంగతి, చీర సంగతి, పాస్టరుగారి ప్రార్థన సంగతి ఒక్కొక్కటే చెప్పింది. రత్నమ్మక్క తన వంటింటి అరబ్బీలో తడబడుతూ అప్పజెప్పింది.

"నీ వైపు మగవాళ్ళు కూర్చున్నారా?" అన్నాడాయన.

మా చిన్నాన్న కూర్చున్నాడంది మెర్సీ.

"అతని వైపు?"

తల్లీ, మేనమామా.

"అందరూ ఒప్పుకుని, కలిసి తిన్నారా?"

తిన్నారంది.

ఆయన కప్పు కింద పెట్టాడు. "మా దగ్గర దీన్నే మిల్కా అంటాం. విందు ఎప్పుడో చేసుకుంటారు, కాపురం ఎప్పుడో పెడతారు. కానీ పెద్దలు కూర్చున్న రోజు నుంచే ఆమె అతని భార్య. ఖలాస్. నీ భర్త దగ్గరికి వెళ్ళమ్మా," అన్నాడు. భార్య అనే రాసి సంతకం పెట్టాడు. నేను చదివి చెబుతున్న తెగ పెద్ద ఎక్కడో మంచు కొండల్లో లేడు, మా ఎదురుగానే కూర్చున్నాడు. రత్నమ్మక్క ఆయన బల్ల అంచు పట్టుకుని ఏడ్చేసింది.

కాగితం వచ్చింది గానీ కాళ్ళు కదల్లేదు. ఆడమనిషి ఒక్కతీ ప్రయాణం చెయ్యకూడదు, ఎవరైనా కుటుంబంతో వెళ్ళాలి. ఖోబర్ దారిలో రియాద్ దాకా వెళ్ళే ఆస్పత్రి బండి డ్రైవరు భార్యని వెంటబెట్టుకుని వెళ్తాడు, కానీ సెలవు దినాలయితే గానీ కదలడు. ఆ సెలవుల దాకా ఆగాల్సి వచ్చింది. మెర్సీ ఒక్క మెతుకు ముట్టలేదు. సంచి సర్దింది, విప్పింది, మళ్ళీ సర్దింది. ఫోను మోగితే పరిగెత్తేది, మోగకపోతే మెట్ల మీద కూర్చునేది. రత్నమ్మక్క మోకాళ్ళ మీదే ఉండిపోయింది, మోకాళ్ళు వాచిపోయాయి. "యోహానుని లేపు తండ్రీ, యోహానుని లేపు," అంటూ, అలవాటు కొద్దీ, "ఆ ఇస్లాని విడిపించు," అని కూడా అనేసేది. ఒకసారి మెర్సీయే పుస్తకం తెచ్చి, "సెవులకి ఏదోటి కావాలి, సదువక్కా," అంది. చదివాను. బురుజు కిటికీ దగ్గర ఇస్లా, బయట మంచు, రోరీ జాడ లేదు. ఆ అధ్యాయం అక్కడే ఆగింది, నేనూ పుస్తకం మూసేశాను.

ఆ తర్వాతిది నేను చూసింది కాదు, మెర్సీ చెప్పింది. రియాద్‌లో ఒక తెలుగు కుటుంబం ఆమెని తమతో ఖోబర్ బస్సు ఎక్కించుకుంది. ఆస్పత్రి గేటు దగ్గర ఖాదర్ భాయ్ నిలబడి ఉన్నాడు. చేతిలో యోహాను బట్టల సంచి. "చాయ్ తాగు తల్లీ, ముందుగాల," అన్నాడట, మొహం పక్కకి తిప్పుకుని. బతికున్న రోగి బట్టలు గదిలో ఉంటాయి, గేటు దగ్గరికి రావు. అది నర్సుకి ఎవరూ చెప్పక్కర్లేదు. అంతకు ముందు సాయంత్రమే అయిపోయింది. ముదీర్ రాసిన కాగితం చూసి, భార్య గనక లోపలికి పంపారు.

"సెయ్యి పట్టుకున్నానక్కా," అని చెప్పింది మెర్సీ. "అంతకు ముందెప్పుడూ పట్టుకోలేదు. చాలా పెద్ద సేతులక్కా ఆయనయి. నాకు తెల్దు."

యోహాను ఇంటికి వెళ్ళిపోయాడు, పెట్టెలో. మెర్సీకి ఊరెళ్ళి తిరిగి రావడానికి కావలసిన రీఎంట్రీ వీసా పని అవ్వలేదు, డ్యూటీకి తిరిగొచ్చేసింది. ఏడవలేదు. తన పాలు వంట తను చేసేది, తన అంట్లు తను తోముకునేది. ఇస్లా పేరెత్తడానికి మాకెవరికీ నోరు రాలేదు. ఒక మధ్యాహ్నం అన్నాలయ్యాక, తనే వెళ్ళి బియ్యం డబ్బాలోంచి పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టింది. "ఆపిన కాడ్నించి సెప్పక్కా," అంది.

రత్నమ్మక్క నాకేసి చూసి వద్దని కళ్ళతోనే సైగ చేసింది. చివర ఏమవుతుందో నాకు తెలుసు, దొంగతనంగా ముందే చదివేశాను. రోరీ వస్తాడు. ఫాదరును వెంటబెట్టుకుని మంచులో నడుచుకుంటూ ప్రాణాలతో వస్తాడు. మార్చి చెప్పనా అనిపించింది. కానీ మార్చి ఏం చెప్పను? అతన్ని చంపితే ఈమెకి ఊరటా? ఉన్నది ఉన్నట్టే చదివాను. తాళం ఊడిపోయింది, బాబాయి తలవంచాడు, చిన్న రాతి చర్చిలో పెళ్ళి అయిపోయింది, ఇద్దరూ దేవునికి స్తోత్రం చెప్పారు. 

మెర్సీ ఆఖరి వాక్యం దాకా వింది. "మనం సేసిన పార్దన విన్నాడన్నమాట," అంది. "ఆ పిల్లది."

ఎగతాళి లేదు ఆ గొంతులో. కోపమైనా ఉంటే బాగుండుననిపించింది. రత్నమ్మక్క నా ఒళ్ళోంచి పుస్తకం తీసుకెళ్ళి బియ్యం డబ్బా అడుగున పెట్టేసింది.   

ఇదంతా విని సుధ, "ఇప్పుడైతే ఆవిడే కారు తీసుకుని వెళ్ళిపోయేది కదమ్మా," అంది. నిజమే. ఇక్కడి పిల్లలు వాళ్ళే కారు నడుపుకుని డ్యూటీకి వెళ్తున్నారు, సముద్రం ఒడ్డున కాఫీలు తాగుతున్నారు, ఎవరికీ ఏ కాగితమూ చూపించక్కర్లేదు. మొన్నామధ్య మా సుధ పొద్దున్న విమానం ఎక్కి హాయిల్ వెళ్ళి, స్నేహితురాలి పెళ్ళి చూసుకుని తిరిగొచ్చింది. సంతోషమే. కానీ నాకు ఏడుపూ వస్తుంది, కోపమూ వస్తుంది. ఇదంతా కాస్త ముందు వచ్చి ఉంటే మెర్సీ వెచ్చగా ఉన్న చెయ్యి పట్టుకునేది. అంతకంటే ఆమె ఏమీ అడగలేదు. అజీజియా సందుల్లో నడుస్తుంటే నేను ఇప్పటికీ తలెత్తి మిద్దెల మీద ఏసీ డబ్బాలు చూడలేను.

మెర్సీ మరి పెళ్ళి చేసుకోలేదు. ఇంకా చాలా ఏళ్ళు హాయిల్‌లోనే పనిచేసి ఇంటికెళ్ళింది. ప్రార్థన మానలేదు. ప్రతి శుక్రవారం మాతోపాటే కూర్చునేది, పెదాలతో పాడేది, మా ఇళ్ళవాళ్ళందరి పేర్లూ తనే గుర్తుపెట్టుకుని చెప్పేది. తన వంతు వచ్చేసరికి ఆగిపోయేది. నీకోసం అడగడానికేమీ లేదా అని రత్నమ్మక్క అడిగితే లేదని తల ఊపేది.

నిన్న మేనకోడలు మళ్ళీ ఫోను చేసి చివరి రోజుల సంగతి చెప్పింది. జబ్బు ముదిరి ఆస్పత్రిలో ఉండగా పాస్టరుగారు వచ్చారట. "ఏమని ప్రార్థన చెయ్యమంటావమ్మా?" అని అడిగితే మెర్సీ, "నాకు వద్దండయ్యా. ఆ పక్క మంచం ఆవిడెవరో నాకు తెల్దు. ఆవిడికి సెయ్యండి, వింటాడు," అందట.